క్లియర్ కొట్టలే

ఎర్రగుంట కాలనీ
3 సెప్టెంబర్ 2024

తోమాసు మామకు,

నీ మేనకోడలు ఆరాధన రాస్తున్నది. బాగోగులు తర్వాత. నీ చెవులు బ్లాస్టింగుకు పోయాయి కాబట్టి ఫోన్ చేసి ఏడ్చే వీలు లేదు. కాగితం మీదే ఏడుస్తున్నాను.

మా అవ్వ, నీ అక్క, ఆమె సమాధి కనబడటం లేదు.

మొన్నటి ముసురుకు ఓబీ గుట్ట జారింది. బొగ్గు మీది మట్టినంతా తవ్వి తెచ్చి మన కాలనీ వెనక పోశారు కదా, నువ్వున్నప్పుడు తాటిచెట్టంత ఉండేది. ఇప్పుడు పొద్దు మునిగేది దాని వెనకే, మాకు కనబడదు. అది జారివచ్చి సమాధుల తోట మీద పడుకుంది. పాస్టర్ గారి నాయన సిలువ కొస ఒక్కటే పైకి ఉంది. మోకాలిలోతు బురదలో దిగి చేతులతో తవ్వాను మామా. ఒక టైల్ ముక్క దొరికింది. సంతోషపడి కడిగి చూస్తే నీలం రంగు. అవ్వది తెలుపు.

ఈ పని చేసింది కైలాసం. నీతో పాటు బ్లాస్టింగులో పనిచేసిన కైలాసమే. కంపెనీ నుంచి బయటికొచ్చి మట్టి కాంట్రాక్టు పట్టాడు, చౌరస్తా పక్క గల్లీలో రెండంతస్తులు కట్టాడు. ఎండాకాలంలో మేమంతా పోయి అడిగితే పాస్టర్ గారి ముందర ఛాతి మీద చెయ్యి పెట్టి, "సమాధుల దిక్కు ఒక్క టిప్పర్ గుడ పొయ్య. గది నా మాట" అన్నాడు. వానలు పడగానే అదే దిక్కు పోశాడు. దూరం పోతే డీజిల్ ఖర్చట.

వాడి ఇంటి చెత్త తీసుకునేది నేనే. మున్సిపాలిటీ చెత్త బండి నడుపుతున్నానని తెలుసు కదా. ఆ వానల నాటి నుంచి వాడి గుమ్మం ముందు బండి ఆపుతాను, పాట పెడతాను, బుట్ట బయట పెడతారు, చూసి వెళ్ళిపోతాను. నిన్న వాడి భార్య తారాబాయి అరిచింది: "ఓ పిల్లా, మా చెత్త చెత్త కాదా?" నేనన్నాను: "మీ చెత్త మా అవ్వ మీదున్నది పెద్దమ్మా. ఇంక జాగ లేదు."

ఇంతటితో నా కడుపు చల్లారదు.

ఈ నెలాఖరుకు ర్యాలీ ఉంది. కరీంనగర్ నుంచి మంజుల మేడమ్ అని ఒకామె వచ్చి పర్యావరణం, దుమ్ము, ఊపిరితిత్తులు అని చెప్తున్నది. మంచిదే. ఆమె వాలంటీర్లు కావాలంటే మొదట చెయ్యి లేపింది నేను. చెట్ల మీద ప్రేమతో కాదు. జనం ఎటు మళ్ళాలో వాలంటీర్ విజిల్ చెప్తుంది, అందుకు. చౌరస్తా దగ్గర నిలబడే పని అడిగి తీసుకున్నాను.

నీ ఇత్తడి విజిల్ ఉంటే పంపు. వీళ్ళిచ్చిన ప్లాస్టిక్ విజిల్ ఊదితే మేకపిల్ల దగ్గినట్టుంది.

నీ కోడలు పిల్ల,
ఆరాధన

*

ఆసిఫాబాద్
12 సెప్టెంబర్ 2024

బిడ్డా ఆరాధనా,

ప్రభువు పేరిట వందనాలు. నువ్వు పేపర్ల లెక్క రాస్తవు. నాకు గట్ల రాదు, నోటికొచ్చింది రాస్త.

నీ ఉత్తరం చదివినంక బువ్వ తినబుద్ధి కాలే. అక్క ప్రేమమ్మను పండవెట్టిన కాడ గుంత తీసినోళ్లల్ల నేనొకణ్ని. మెత్తటి నేల. పార దిగుతుంటే గిదే మంచి జాగ అనుకున్న. ఇప్పుడు దాని మీద గుట్టంత మట్టి అంటే నా పక్కటెముకల మీద పోసినట్టున్నది.

విజిల్ మీ బావ బెంజమిన్ తోని పంపుతున్న. లారీ లోడ్ కు అటే వస్తడు. నాది గది, నా పాణం లెక్క. బ్లాస్టింగు మందు వెట్టినంక తొవ్వకు అడ్డం నిలవడి ఊదేటోణ్ని. గింజ లోపట మంచిగ తిరుగుతది. నోట్ల వెట్టుకునే ముందు కడుగు, పొగాకు వాసనుంటది.

వాలంటీర్ పని అంటే నేను చేసిందే. ఎర్రజెండ వట్టుకొని నిలవడుడు. ఎండ కొట్టని, వాన కొట్టని, జాగ ఇడువద్దు. ఆఖరి మనిషి దాటిందాక ఆ మనుషులు నీ పాణం మీద ఉన్నట్టే. ఎవనికి దెబ్బ తాకినా నీ పేరే చెప్తరు.

ఇంకొక ముచ్చట. కైలాసం మొన్న గీడికి వచ్చిండు. కారేసుకొని. కొండగట్టు ప్రసాదం తెచ్చిండు, పక్కింటి హనుమండ్లుకు ఇచ్చిన. అరుగు మీద కూసొని ఛాయ్ తాగిండు, చానసేపు మాట్లాడిండు. నాకేం వినవడలే.

నువ్వు వాని గల్లిలకు పోకు. వాణ్ని నాకు ఇడిచిపెట్టు. పాత దోస్తు, వాని సంగతి నాకెరుక.

నీ మామ
తోమాసు

*

ఎర్రగుంట కాలనీ
20 సెప్టెంబర్ 2024

మామా,

విజిల్ అందింది. మీ సంగతీ అర్థమైంది.

బెంజమిన్ బావ నోటితోనే చెప్పాడు. "బాపు, కైలాసం కాక మంచిగనే ముచ్చట వెట్టిండ్రు, పోయేటప్పుడు కాక బాపు చెయ్యి వట్టుకొని ఊపిండు" అని. నేను అన్నం పెడుతున్నాను అప్పుడు. గరిటె గిన్నెలో వేసేశాను. "బావా, తిన్నది చాలు, లే" అన్నాను. పాపం, చారు సగంలో ఉండగానే లేచాడు. మీ ఇంట్లో అందరి నంబర్లు బంద్ చేశాను.

నీ అక్క మీద మట్టి పోసినవాడికి ఛాయ్ పోశావు. చక్కెర ఎంత వేశావు మామా? ఎక్కువ వేయి, తియ్యటి మనిషి కదా. పాత దోస్తట. అవ్వ నీకంటే పెద్దది, నిన్ను ఎత్తుకొని తిరిగింది, అది పాతది కాదా?

వాణ్ని నీకు విడిచిపెట్టమంటావు. విడిచిపెడితే ఏం చేస్తావు? రెండో ఛాయ్ పోస్తావు.

నేనేం చేస్తానో నేను చెప్తాను, దాచుకునే అలవాటు నాకు లేదు. నిన్న చర్చి వెనక షెడ్డులో మాకు ట్రైనింగ్ ఇచ్చారు. ఆడవాళ్ళ వరసకు తాడు ఎట్లా పట్టాలి, అంబులెన్స్ వస్తే ఎట్లా చీల్చాలి, పోలీసులతో ఎవరు మాట్లాడాలి, అన్నీ. మంజుల మేడమ్ విజిల్ భాష కూడా నేర్పింది. ఒక పొట్టిది ఊదితే ఆగాలి. రెండు పొట్టివి ఊదితే నడవాలి. మూడు పొడుగువి ఊదితే మలుపు తిరగాలి. ర్యాలీ చౌరస్తా దాటి నేరుగా ఓపెన్ కాస్ట్ గని గేటుకు పోవాలని వాళ్ళ లెక్క. చౌరస్తాలో నేనుంటాను. నేను మూడు పొడుగువి ఊది తాడు ఎత్తుతాను. జనం కైలాసం గల్లీలోకి మళ్ళుతారు.

అక్కడ నా చెత్త బండి ముందే పెట్టి ఉంచుతాను. సమాధుల తోటలోని మట్టి దాని నిండా నింపి, తట్టలతో సహా. మనిషికి ఒక తట్ట. అవ్వ మీద పడ్డదంతా వాడి గడప మీద పడాలి. తలుపు తెరవడానికి లేకుండా పడాలి. తన ఇంటికి తనే తవ్వుకుంటూ పోవాలి. ఎవరికీ దెబ్బ తగలదు, ఫికర్ చేయకు. నాకు వాడి నెత్తురు అక్కర్లేదు, వాడి గోళ్ళలో మా మట్టి కావాలి.

30న ర్యాలీ. పనిదినమే పెట్టాం, టిప్పర్లు ఆగాలని. నువ్వు రావద్దు. జవాబు కూడా రాయవద్దు.

ప్రేమమ్మ బిడ్డ,
ఆరాధన

*

ఆసిఫాబాద్
26 సెప్టెంబర్ 2024
స్పీడ్ పోస్ట్

బిడ్డా,

నీ ఉత్తరం ఇయ్యాల అందింది. అందంగనే హనుమండ్లు ఇంటికి ఉరికిన. నన్ను తిట్టినందుకు కాదు, తిట్టుకో. ఛాయ్ ముచ్చట తర్వాత చెప్త.

ఆ విజిల్ మూడుసార్లు పొడుగ ఊదకు.

మూడు పొడుగు అంటే మా పనిల బ్లాస్ట్. ఇప్పుడు కరెంటు సైరన్ వచ్చింది, మీ పోరగాండ్లకు ఎరుక లేదు. మా కాలంల గిదే విజిల్, గదే ఊదుడు. మూడు పొడుగు వినవడంగనే ఎక్కడోడు అక్కడ గోడకు ఒదుగుడు, కూలవడుడు, చేతులు నెత్తి మీద, కండ్లు మూసుడు. ఎందుకు అని అడిగినోడు లేడు. అడిగినోని మీద రాయి పడ్డది. మళ్ల లేవాలంటే క్లియర్ కొట్టాలె, ఒక్కటే పొడుగు, అదే విజిల్ తోని, ఊదినోడే ఊదాలె. గంటైనా సరే, క్లియర్ కొట్టందే ఎవడు లేవడు. గది మా బొక్కలల్ల, నెత్తురుల ఉన్నది. మీ ర్యాలీల సగం మంది మా షిఫ్టులోళ్లే. నడీ రోడ్డు మీద కూలవడ్తరు. ఎనకోళ్లు ముందటోళ్ల మీద పడ్తరు.

మీ మేడమ్ కు చెప్పు. మలుపుకు వేరే ఊదుడు వెట్టుకోమను.

బెంజమిన్ నాగపూర్ లోడ్ మీద పోయిండు. హనుమండ్లు ఫోన్ల కెల్లి కొట్టిపిస్తే నువ్వు ఎత్తుతలేవట. గందుకే డబుల్ పైసలు వెట్టి పోస్టు చేస్తున్న. అందితే చాలు.

మామ

*

ఎర్రగుంట కాలనీ
2 అక్టోబర్ 2024

మామా,

నీ స్పీడ్ పోస్ట్ నిన్న సాయంత్రం అందింది. ర్యాలీ మొన్ననే అయిపోయింది. చదివి గోడకు ఆనుకొని చాలాసేపు నవ్వాను. తర్వాత ఏడ్చాను. హనుమండ్లు తాత ఫోన్లు చూశాను, కొత్త నంబరు కదా, కైలాసం మనుషులేమో అనుకున్నాను.

ఏం జరిగిందో వరసగా చెప్తాను.

జనం బాగా వచ్చారు. డప్పులు ముందు, వెనక పిల్లలు ముక్కుకు బట్టలు కట్టుకొని, ఆ వెనక తోపుడు బండి మీద వెదురుతో, గోనె సంచులతో చేసిన ఓబీ గుట్ట బొమ్మ. గుట్ట బొమ్మకు నోరు కూడా పెట్టారు, నోట్లో చిన్న చిన్న ఇళ్ళు. మన చర్చి వాళ్ళు సిలువలు పట్టుకొని నడిచారు, ఒక్కొక్క సిలువ మీద మట్టి కిందున్న ఒక్కొక్కరి పేరు. అవ్వ పేరున్నది నేను పట్టుకోలేదు, నా చేతిలో తాడుంది. నీ పాత షిఫ్టు సారయ్య తాత పట్టుకున్నాడు. "ప్రేమమ్మ నాకు అప్పు పెట్టిన జొన్న రొట్టెలు శానున్నయి, గింత దూరం మొయ్యలేనా" అన్నాడు.

స్కూల్ మూల దగ్గర ఇంకో వాలంటీర్ మమతారాణి ప్లాస్టిక్ విజిల్ మూడు పొడుగువి ఊది జనాన్ని మళ్ళించింది. ఎవరికీ ఏమీ కాలేదు. సగం మందికి వినబడనే లేదు. అందుకే నాకూ అనుమానం రాలేదు.

చౌరస్తాకు వచ్చేసరికి మధ్యాహ్నం. గుట్ట అవతల రోజూ బ్లాస్ట్ పేల్చే వేళ. కైలాసం తన గుమ్మం మీద నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకొని, సినిమా చూస్తున్నట్టు. నన్ను చూసి, "ఏందే, చెత్త పిల్లా, ఊరేగింపు బాగున్నది. నీ బండి నా గల్లిల ఎందుకున్నది?" అని అరిచాడు. నీ విజిల్ నోట్లో పెట్టుకున్నాను. పొగాకు వాసన. తాడు ఎత్తి, ఊపిరంతా పెట్టి మూడు పొడుగువి ఊదాను.

మామా, జనం మళ్ళలేదు. జనం కూలిపోయారు.

పెద్దవాళ్ళంతా. ఎవరో కాళ్ళు నరికినట్టు. కిరాణా దుకాణం గోడకు, కాలువ పక్కన, ఆటో కింద, ఎక్కడివాళ్ళు అక్కడ ఒదిగి కూర్చుండిపోయారు, నెత్తి మీద చేతులు. వాళ్ళను చూసి వాళ్ళ ఆడవాళ్ళు పిల్లలను పొట్ట కింద పెట్టుకొని వంగారు. డప్పులు ఆగాయి. గుట్ట బొమ్మ బండి పక్కకు ఒరిగి, శ్యామల పెద్దమ్మ దానికి తట్టుకొని పడింది, మోకాలు చెక్కుకుపోయింది. ఆ ఒక్కదానికి సిగ్గుపడుతున్నాను, ఇంటికి పోయి కాళ్ళు పట్టుకున్నాను. నిలబడి ఉన్నది మా ఈడు వాళ్ళం, కరీంనగర్ వాళ్ళు మాత్రమే. పిచ్చి చూపులు చూస్తున్నాం.

అప్పుడు గల్లీ వైపు చూశాను. కైలాసం గుమ్మం మీద లేడు. గుమ్మం పక్కన గోడకు ఒదిగి, మోకాళ్ళ మీద, నెత్తి మీద రెండు చేతులు, కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాడు. తెల్ల చొక్కా. ఉంగరాల వేళ్ళు.

సారయ్య తాత నా కాళ్ళ దగ్గరే ఉన్నాడు. సిలువను పొట్ట కింద పెట్టుకొని, తల ఎత్తకుండా గొణిగాడు: "పోరీ, తోమాసు విజిల్ నీకెవరిచ్చిండ్రే? క్లియర్ కొట్టు! ఒక్కటి పొడుగ!"

అప్పుడు అర్థమైంది. మొత్తం అర్థమైంది. ఊదేవరకు వీళ్ళు లేవరు. వాడూ లేవడు.

విజిల్ నోట్లోనే ఉంది మామా. ఊదలేదు.

దగ్గరున్న వాళ్ళను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి లేపాను. "లే తాతా, బ్లాస్ట్ లేదు, నేనే ఊదిన." "లే పెద్దమ్మా." మమతారాణి వాళ్ళు అటు చివర నుంచి లేపుతూ వచ్చారు. లేచిన వాళ్ళు పక్కవాళ్ళను లేపారు. వాలంటీర్ పని అదే కదా. అందరినీ లేపించాను. గల్లీలోకి మాత్రం ఎవరినీ పోనివ్వలేదు. తాడు మళ్ళీ కట్టి, నేనొక్కదాన్నే పోయాను.

బండిలో నుంచి ఒక తట్ట నింపాను. తడి మట్టి, మోస్తే మెడ వంగింది. తెచ్చి వాడి గడప మీద పోశాను. వాడి మోకాళ్ళ దాకా వచ్చింది. చప్పుడుకు కళ్ళు తెరిచాడు. ముందు మట్టిని చూశాడు, తర్వాత నా చెప్పులను చూశాడు, తర్వాత నన్ను. ఇంకా నెత్తి మీద చేతులు తీయలేదు. ఏమడిగాడో తెలుసా?

"క్లియర్ అయిందా?"

"కాలే" అన్నాను.

తల మళ్ళీ దించుకున్నాడు మామా! నేను కాలేదంటే దించుకున్నాడు. ఆ క్షణం నేను చచ్చేదాకా మరిచిపోను. ఎర్రగుంట మొత్తం తాడు అవతల నిలబడి చూసింది.

"మా అవ్వకు ఎవడు కొట్టిండు క్లియర్?" అన్నాను. "నెత్తి మీద చేతులు వెట్టుకునే టైమన్న ఇచ్చినవా?"

అప్పటికి తెలివి వచ్చినట్టుంది. లేవబోయాడు, కాళ్ళు తిమ్మిరెక్కి మట్టిలోనే కూర్చుండిపోయాడు. తారాబాయి తలుపు తీసింది. ఆమెకు బ్లాస్టింగ్ సంగతి తెలియదు కదా, మొగుణ్ణి, మట్టిని, నన్ను చూసి, "గిదేంది, చిన్న పోరికి దండం వెడుతున్నవా?" అంది. తాడు అవతల నవ్వు మొదలైంది. ఆ నవ్వు గల్లీ చివరి దాకా పోయి తిరిగి వచ్చింది. రెండో తట్ట అవసరం పడలేదు.

మంజుల మేడమ్ నా చేతికి కట్టిన ఆకుపచ్చ వాలంటీర్ గుడ్డ తనే విప్పింది. "నమ్మి నిలబెట్టాను. ఎవరైనా కాళ్ళ కింద పడి చచ్చిపోతే?" అంది. ఆమె మాట నిజం. కానీ మళ్ళీ చౌరస్తాలో నిలబెడితే మళ్ళీ అదే చేస్తాను. ఇదీ నిజం.

వీడియో కరీంనగర్ దాకా పోయిందట. కైలాసం ఇప్పుడు కొత్త మాట అంటున్నాడు: అటు దిక్కు అసలు సమాధులే లేవట. వచ్చే నెల గుట్ట జారిన సంగతి మీద విచారణకు పెద్ద సార్లు వస్తున్నారు, అక్కడ అదే చెప్తాడట. నువ్వు నీ దోస్తు పక్కన కూర్చుంటావో, మా పక్కన కూర్చుంటావో ఇప్పుడే రాయి. తెలిస్తే నీకు కుర్చీ ఎక్కడ వేయాలో చూస్తాను.

ఆరాధన

*

ఆసిఫాబాద్
9 అక్టోబర్ 2024

బిడ్డా ఆరాధనా,

వీడియో హనుమండ్లు ఫోన్ల చూసిన. నాకు చప్పుడు రాదు కద, బొమ్మే చూసిన. విజిల్ నీ నోట్ల ఉన్నది, నీ చెంపలు ఉబ్బినయి. మా సారయ్య కూలవడుడు చూస్తే పాత షిఫ్ట్ యాదికొచ్చి కండ్లల్ల నీళ్లొచ్చినయి. తర్వాత కైలాసం వడ్డడు. నాలుగుసార్లు పెట్టిచ్చుకున్న. హనుమండ్లు అన్నడు, "బ్యాటరీ అయిపోతది తోమాసూ, ఇంక చాలు" అని.

ఇప్పుడు ఛాయ్ ముచ్చట.

నాకు వినవడదు గని మూతి కదిలితే చదువుత. గీ సంగతి ఇంట్లోళ్లకు తప్ప ఎవనికి ఎరుక లేదు. నీ అవ్వకు ఎరుకే. కైలాసం వచ్చి అరుగు మీద కూసొని మెల్లగ అన్నడు: "తోమాసూ, ఆ దిక్కు సమాధులు లేవని నువ్వొక్క మాట చెప్పు, నీ కొడుక్కు నా కాడ టిప్పర్ ఇప్పిస్త." మొదటిసారే అర్థమైంది. "వినవడలే" అన్న. వాడు జర గట్టిగ అన్నడు. "వినవడలే కైలాసం, చెవులు పోయినయి కద, నీ పక్కన నిలవడే పోయినయి" అన్న. మళ్ల గట్టిగ అన్నడు. ఛాయ్ పోసిన, గొంతు తడువాలె కద. నువ్వు చక్కెర ఎంత ఏసినవని అడిగినవు. మస్తు ఏసిన. ఆఖరికి వాడు లేచి నిలవడి, గల్లి గల్లంత వినేటట్టు ఒర్లిండు: "ప్రేమమ్మ సమాధి ఆడ లేదని చెప్పు!" హనుమండ్లు బయటికొచ్చిండు. ఎదురింటి కుమార్ వచ్చిండు, వాని అవ్వ వచ్చింది. ప్రసాదం చేతుల వట్టుకొనే నిలవడ్డడు హనుమండ్లు. అందరు విన్నరు, నేనొక్కణ్నే వినలే. నేను ఊరికె నవ్వుకుంట చూసిన, ఒప్పుకున్న అనుకొని పోయేటప్పుడు వాడు నా చెయ్యి ఊపిండు. బెంజమిన్ గప్పుడే లారీ దిగి వచ్చిండు, చెయ్యి ఊపుడు ఒక్కటే చూసి, మంచిగనే ముచ్చట వెట్టినం అనుకున్నడు.

నీకు ముందుగాల ఎందుకు రాయలే అంటే, నువ్వు నోట్ల మాట దాసుకోవు. ఊరంత తెలిస్తది, వాడు హుషారైతడు. వాణ్ని నాకు ఇడిచిపెట్టు అన్నది గందుకు.

విచారణ నాడు మేము నలుగురం వస్తం. నన్ను వాని ఎదురుంగ కూసోవెట్టు, మూతి మంచిగ కనవడాలె. వాడు సమాధులు లేవు అంటడు. నేను వినవడలే అంట. వాడు ఎంత గట్టిగ అంటే అంత మంచిది. అయిపోయినంక హనుమండ్లు లేస్తడు, వాడు మా అరుగు కాడ ఒర్లింది చెప్తడు.

ఇంకొకటి. క్లియర్ కొట్టకుంట ఉండుడు మా పనిల అన్నిటికన్న పెద్ద తప్పు. ఎవడన్న చేస్తే వానితోని మేము బువ్వ తినకపోయేది. నా నౌకరీల ఒక్కనాడు నేను ఆ తప్పు చేయలే. మీ మేడమ్ నీ గుడ్డ ఇప్పింది, మంచిగ చేసింది, శ్యామలకు దెబ్బ తాకింది. నేనున్నా ఇప్పేటోణ్నే.

గని విజిల్ వాపస్ పంపకు. నీ కాడనే ఉంచుకో. మట్టి తియ్యాలె, తెల్ల టైల్స్ కనవడాలె, అక్క పేరు మీద నేను చెయ్యి వెట్టాలె. అప్పటిదాక వాడు రోడ్డు మీద ఎదురైతే విజిల్ తీసి చేతుల వట్టుకో. నోట్ల వెట్టుకోకు, ఊదకు. ఊరికె చూపియ్యి. వాడు వంగుతడు.

వానికి క్లియర్ కాలే.

నీ మామ
తోమాసు